పట్టుపురుగు ఇల్లు, మన ఇల్లు

మన సంఘము ప్రకటించు విశేష సంచికలకు వ్రాయువారు సామాన్యముగా భాషను గూర్చియో, భజన మండలులను గూర్చియో, కైవారము తాతయ్య పదములను గూర్చియో వ్రాయుట పరిపాటి. ఆ విషయములు మాకంటె బాగుగా తెలిసినవారు మన జిల్లాలో పెక్కుమంది కలరు. కావున మేమీమారు ఇంటిని గూర్చి వ్రాయదలచితిమి. ఇంటిని గూర్చి యనగా వాస్తువును గూర్చి కాదు. అది చెప్పువారికి కొదువ లేదు. వేసవిలో ఇల్లు ఎంత వేడెక్కును, దానిని చల్లబరచుటకు ఎంత కరెంటు పట్టును, ఇల్లు కట్టువారును కొనువారును ఆ సంగతి ఏల విచారింపరు అనునదియే మా ప్రశ్న. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఇల్లు కట్టుటయో, అమ్ముటయో, కొనుటయో ఎరుగని కుటుంబము లేదు. సర్కారు లెక్కలలో మనము అల్పసంఖ్యాకులము (బాగేపల్లి సంతలో నిలుచున్నవారెవ్వరును ఆ మాట నమ్మరు). అయినను ఎండ అల్పసంఖ్యాకులను వేరుగా చూడదు.

మా పూర్వుల ఇల్లు బాగేపల్లి తాలూకాలోని ఒక పల్లెలో ఉండెను. గోడలు మన్నువి, మూరెడుకు మించిన మందము. పైన దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై తడికె, తడికెపై కానుగాకు, దానిపై మన్ను, ఆ మన్నుపై చవుడు. తొలకరికి ముందు ఏటేట చవుడు మోయించి మిద్దెమీద పరపించి కొట్టించవలెను. నడిమింటిలో వెలుతురు కొరకు గవాచి ఉండెను. వాన వచ్చినప్పుడు మిద్దె ఎక్కి దానిపై బండ కప్పుట పిల్లల పని. వాకిట పంచ, పంచకు ఇరువైపుల తిన్నెలు. మే నెల మధ్యాహ్నము బయట నేలపై కాలు మోపరాని వేళ నడిమింటిలో చాప పరచుకొని పడుకొన్నచో విసనకర్రతో పని యుండెడిది కాదు. ఇందులో మహిమ ఏమియు లేదు. మందమైన మన్నుగోడ పగటి వేడిని మెల్లమెల్లగా త్రాగును. ఆ వేడి లోపలి ముఖమునకు చేరుసరికి ఎనిమిది పది గంటలు గడచును. అప్పటికి బయట రాత్రి. గవాచి బండ తొలగించినచో లోపలి వేడిగాలి పైకి పోవును, చల్లగాలి వాకిటినుండి వచ్చును.

అట్లని ఆ ఇంటిని మేము స్వర్గమని చెప్పము. చీకటి ఎక్కువ. వంటయింటి పొగ దంతెలకు నల్లగా పట్టి నలుసులై అన్నములో రాలెడిది. వాన రెండు దినములు విడువక కురిసినచో ఇంటినిండ గిన్నెలు పెట్టి కారుచున్న నీళ్ళు పట్టెడివారము. గోడ అలుకుట, మిద్దె చూచుకొనుట అంతయు ఆడువారి నడుములమీదనే నడచెను. ఆ చాకిరిని మరల నెత్తిన పెట్టుకొనుడని చెప్పుటకు మాకు నోరు రాదు. మరియు పాతయిళ్ళన్నియు చల్లనివి కావు. మన ప్రాంతమున రాతికి కొరత లేదు గనుక పెక్కుచోట్ల పొడవైన బండలు పరచి బండమిద్దెలు కట్టిరి. అవి చెదపట్టవు, కారవు, నూరేండ్లు నిలుచును. కాని పగలంతయు ఎండను మింగి రాత్రియంతయు దానిని ఇంటివారిపై క్రక్కును. బండమిద్దె ఇంటివారు వేసవిలో వాకిట మంచములు వేసికొని పడుకొనుట విలాసముకొరకు కాదు.

ఆ తరువాత కాంక్రీటు వచ్చెను. కప్పు మందము నాలుగైదు అంగుళములు. గోడ తొమ్మిది అంగుళములు, ఇప్పుడు ఆరు, ఒక్కొక్కచోట నాలుగు. మన మూడు పట్టణములును 13వ, 14వ అక్షాంశముల నడుమ నున్నవి. ఏప్రిల్ చివరి వారములో మధ్యాహ్నము సూర్యుడు సరిగా మన నడినెత్తిన నిలుచును. అనగా వేసవి ముదిరిన కాలముననే కప్పునకు ఎండ దెబ్బ అధికము. దక్షిణపు గోడకు ఆ దినములలో ఎండ దాదాపుగా తగులదు. కప్పు తరువాత బాధపడునవి తూర్పు, పడమటి గోడలు. అందును పడమటిది ఎక్కువ, ఏలయన సాయంకాలపు ఎండ అప్పటికే వేడెక్కిన ఇంటిపై పడును. పలుచని కప్పు మధ్యాహ్నపు వేడిని సంధ్యవేళకు లోపలికి దింపును. పిల్లలు పుస్తకములు పట్టువేళ, పెద్దలు నడుము వాల్చువేళ పైకప్పు పొయ్యిపై పెట్టిన పెనమువలె నుండును. ఫ్యాను ఆ వేడిగాలినే త్రిప్పి త్రిప్పి వడ్డించును. చిక్కబళ్ళాపురము నందికొండ నీడనున్న చల్లని ఊరని పేరు. అట్టి ఊరిలోను నేడు కొత్త ఇంటి గోడకు ఏసీ పెట్టెకు వలయు రంధ్రము కట్టునప్పుడే విడుచుచున్నారు. ఇల్లు వేడిగా నుండబోవునని మేస్త్రికి, యజమానికి ముందే తెలియునన్నమాట!

మా పల్లెయింటిని కొన్నియేండ్ల క్రిందట అమ్మితిమి. కొనవచ్చినవారు మంచివారు, మర్యాదస్థులు. టేపు పట్టి కొలిచిరి. బాట వెడల్పెంత, ఖాతా ఎవరి పేర ఉన్నది, బోరు ఎన్ని అడుగులు, సింహద్వారము ఏ దిక్కు అని అడిగిరి. దిక్సూచి చేతబట్టిన ఒక పెద్దమనిషిని వెంట తెచ్చిరి. ఆయన ఈశాన్యము చూచెను, నైరృతి చూచెను. పడమటి ఎండ ఏ గదిమీద పడునని మాత్రము అడుగలేదు. ఎర్రని ఎండలో వచ్చి నడిమింటిలో కూర్చుండి మజ్జిగ త్రాగి, "అబ్బా, ఏమి చల్లగుంది!" అని అందరును అనిరి. అనిన పిమ్మట వెల కట్టిరి. ఎట్లనగా, స్థలమునకు ఇంత. అందులో ఇల్లు పడగొట్టు కూలియు, మన్ను తోలించు ట్రాక్టరు బాడుగయు తీసివేత. అనగా ఆ చల్లదనమునకు వెల లేకపోవుటయే కాదు, దానిని తొలగించు ఖర్చును మేమే పెట్టుకొంటిమి.

ఆ కొన్నవారిని నిందించుటకు మాకు మనసొప్పదు. అదే ఊరిలో ముప్పదియేండ్లుగా ఇళ్ళు కట్టుచున్న ఒక మేస్త్రిని, మన్నుతోనే మంచి ఇల్లు కట్టరాదా అని మేమడిగితిమి. ఆయన నవ్వి, "మట్టిగోడకు బ్యాంకోళ్ళు లోను ఇయ్యరు సామీ. పిల్లనిచ్చేవాళ్ళు గూడా ఇయ్యరు" అనెను. మొదటి మాటకు జవాబు వెదకవచ్చును. రెండవ మాటకు జవాబు లేదు. ఇల్లు మన దేశమున నివాసము మాత్రమే కాదు, సంబంధము కలుపుకొనుటకు చూపు పత్రము కూడ. ముందుభాగమున అద్దములు, మెట్లకు నల్లరాయి, గేటుకు ఇత్తడి బొమ్మలు చూచువారికి కనబడును. కప్పుపై పెట్టిన తాపనిరోధము ఎవరికి కనబడును? దానికి పెట్టిన సొమ్మును ఇంటివారు తప్ప చూచు చుట్టము లేడు.

ఇంతవరకు చెప్పినది విన్న చదువరులు, మనవారికి ఈ జ్ఞానమే లేదని అనుకొనవచ్చును. అది నిజము కాదు. ఈ జ్ఞానము మన జిల్లాలో నున్నంతగా మరియొక చోట నుండుట అరుదు. చూడగోరువారు శిడ్లఘట్ట, చింతామణి బాటపక్క పల్లెలలో ఏదేని ఒక పట్టురైతు ఇంటికి పొండు. ఇల్లు కాదు, ఇంటి ప్రక్కన పురుగులకై కట్టిన మనెను చూడుడు. దాని పొడవు తూర్పు పడమరలుగా నుండును, ఎండ చిన్న గోడలమీదనే పడునట్లు. చుట్టు పంచ దింపి గోడలకు నీడ చేయుదురు. క్రింద కిటికీలు, పైన కప్పు దగ్గర గాలి రంధ్రములు; చల్లగాలి క్రింద వచ్చి వేడిగాలి పైన పోవలెను గదా. రేకులకప్పు అయినచో వేసవిలో దానిపై కొబ్బరిమట్టలు పరతురు. తలుపులకు, కిటికీలకు తడిపిన గోనెపట్టలు వ్రేలాడదీయుదురు. లోపల గోడకు ఉష్ణమాపకము తగిలించి యుండును. బడికి పోని ముసలమ్మ కూడ దానిని చూచి చెప్పగలదు. చాకీ పురుగులకు 26 నుండి 28 డిగ్రీలు, గాలిలో తేమ నూటికి 80కి పైన. నాలుగవ జ్వరము తీరి పెద్దవైన పిమ్మట 24, 25 డిగ్రీలు, తేమ నూటికి 70. అంతకు మించి వేడి హెచ్చినచో పురుగు ఆకు తినుట తగ్గును, రోగము సోకును, గూడు పలుచనగును.

ఇదంతయు చెప్పిన రైతు తన ఇంటికి మమ్ము కాఫీకి పిలిచెను. కాంక్రీటు కప్పు, పడమట కిటికీ, కిటికీకి అద్దము, నీడ లేదు. పురుగుల మనెలో 26 డిగ్రీలున్నవేళ ఆ గదిలో మాకు చెమటలు కారెను. ఇదేమని అడిగితిమి. "పురుగుకు నోరు లేదు సామీ, వేడిమైతే సచ్చిపోతుంది. మనిసికైతే ఫ్యానుంది గదా" అనెను.

మాకు ఆ మాటలోనే విషయమంతయు కనబడినది. పురుగుల మనె చల్లదనము నెల తిరుగకమునుపే శిడ్లఘట్ట మార్కెట్టులో తూకమునకు వచ్చును. గూడు గట్టిగా నున్నచో కిలోకు ఇంత, పలుచనైనచో ఇంత అని వేలములో తేలును. కావున ఆ రైతు ఒక్కొక్క డిగ్రీని లెక్కించును. తన ఇంటి చల్లదనము ఏ తక్కెడలోను పడదు. అమ్మబోయినప్పుడు పడదు, బ్యాంకు వెల కట్టునప్పుడు పడదు, పెండ్లివారు వచ్చినప్పుడు పడదు. తెలియక కాదు మనము వేడి ఇళ్ళు కట్టుచున్నది, తూచువాడు లేక.

తూచిన చోట్ల ఏమైనదో చూడవచ్చును. డెన్మార్కు దేశమున 1997 నుండి ఇల్లు అమ్మునప్పుడు అది ఎంత ఇంధనము త్రాగునో తెలుపు పత్రము కూడ జతపరచవలెనని నియమము చేసిరి. తరువాత యూరపు ఖండమంతయు ఆ బాటనే పట్టినది. అక్కడ బాధ చలి, ఇక్కడ ఎండ; లెక్క ఒక్కటే. నెదర్లాండ్సులో బ్రౌనెన్, కాక్ అను ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు అట్టి పత్రములున్న ఇళ్ళ అమ్మకములను పరిశీలించి 2011లో ప్రకటించిన వ్యాసములో, మంచి గుర్తు పొందిన ఇళ్ళు తక్కినవానికంటె నూటికి 3.7 వంతు ఎక్కువ వెలకు పోయినవని చూపిరి. ఇది పెద్ద మొత్తము కాదు. అయినను మా పల్లెయింటి లెక్కకు, అనగా సున్నకు క్రిందికి, ఇదెంత మేలు!

మన దేశమునను ప్రయత్నము లేకపోలేదు. 2018లో కేంద్రప్రభుత్వ సంస్థయైన ఇంధన సామర్థ్య బ్యూరో నివాసగృహములకై 'ఇకో నివాస్ సంహిత' అను నియమావళిని వెలువరించినది. కప్పు విడిచి, గోడలు కిటికీల గుండ లోపలికి దిగు వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లకు మించరాదని అందొక సూత్రము. కప్పునకు వేరొక సూత్రము. చక్కని సూత్రములే. కాని అవి పెద్ద భవన సముదాయముల వైపు చూచుచున్నవి. ముప్పదికి నలుబది సైటులో అప్పుచేసి ఇల్లు కట్టుకొను చింతామణి గృహస్థుని గడప అవి త్రొక్కలేదు. ఇందొక వింత కలదు. అదే బ్యూరో 2006 నుండి ఫ్రిజ్జులకు, ఏసీలకు నక్షత్రముల చీటీ అంటించుచున్నది. మన ఇంటి కోడండ్రు దుకాణములో మూడు నక్షత్రములా, అయిదా అని లెక్కించి బేరమాడుదురు. పదుల వేల రూపాయల ఏసీకి నక్షత్రములు లెక్కించు కుటుంబము, ఆ ఏసీ పెట్టబోవు పదుల లక్షల ఇంటికి ఒక్క ప్రశ్నయైన వేయదు. కారణము స్వభావము కాదు, చీటీ. ఒకదానికి అంటించిరి, మరొకదానికి అంటింపలేదు.

బాడుగ ఇళ్ళ కథ వేరు. చిక్కబళ్ళాపురములో ఇప్పుడు బెంగుళూరికి దినదినము పోయివచ్చు ఉద్యోగులు పెక్కుమంది కాపురమున్నారు. మన కుటుంబములవారు క్రింద తాముండి పైన రెండు వాటాలు బాడుగకిచ్చుట సర్వసాధారణము. పై వాటా ఎండలో మాడును. కప్పు బాగుచేయించు ఖర్చు యజమానిది, కరెంటు బిల్లు బాడుగవానిది. యజమాని ఏల ఖర్చుపెట్టును? బాడుగవాడు పదునొకండు నెలల ఒప్పందముపై వచ్చినవాడు, పరుల కప్పుపై తానేల సొమ్ముపోయును? ఇరువురి లెక్కయు సరియే. మధ్య నలుగునది పైవాటాలోని పసిబిడ్డ. 2023లో కర్ణాటక ప్రభుత్వము గృహజ్యోతి పథకము పెట్టి, నెలకు 200 యూనిట్లకు లోబడి, వెనుకటి సంవత్సరపు సగటు వాడుకపై నూటికి పది కలిపి, అంతవరకు బిల్లు లేకుండ చేసెను. పేదయింటికి అది గొప్ప ఉపకారము, దానిని తప్పుపట్టము. కాని బిల్లు సున్నయై వచ్చిన ఇంటిలో కప్పునకు సున్నము కొట్టింపుమని చెప్పబోవు మా వంటివారి మాటకు పదును పోయినది.

ఒక్కమాట ఇక్కడ చెప్పవలెను. 1902లో శివసముద్రమునుండి కోలారు బంగారుగనులకు 90 మైళ్ళకు పైబడి తీగ లాగిరి. అది నాటికి లోకమున పొడవైన విద్యుత్తు మార్గములలో నొకటి. 2007 వరకు మన తాలూకాలును కోలారు జిల్లాలోనివే. గనులకు కరెంటు వచ్చిన పిమ్మట దశాబ్దముల కాలము మన పల్లెలు దీపపుబుడ్లతోనే నడచినవి. కరెంటు లేక ఇల్లు చల్లగా నుంచుకొనుట మన తాతలకు విద్య కాదు, వేరు దారి లేని అలవాటు.

మనవారు కొత్తదానిని అంగీకరింపరు అను మాటయు మేమొప్పుకొనము. 2007లో కర్ణాటక ప్రభుత్వము నగరములలో కొత్త ఇళ్ళకు సౌరజలతాపకము ఉండవలెనని నియమించినది. కరెంటు కనెక్షను దానితో ముడిపడెను, బిల్లులో కొంత తగ్గింపును ఇచ్చిరి. బెంగుళూరు మిద్దెలమీద మొలచిన ఆ గొట్టములను చూచి మన పట్టణములవారును పెట్టించుకొనిరి. రాగి హండా క్రింద రేష్మెకట్టెలు ఎగద్రోయు పని తప్పినది, ప్రొద్దున్నే కొళాయి త్రిప్పిన వేడినీళ్ళు వచ్చును, పైగా మిద్దెమీద నలుగురికి కనబడును. ఈ కడపటి గుణమును తేలికగా తీసివేయరాదు. బాగేపల్లి ప్రాంతమున కూలీ సంఘము పూనికతో గోబరుగ్యాసు తొట్లు కట్టించు కార్యక్రమము 2005లో ఐక్యరాజ్యసమితి వాతావరణ వ్యవస్థ క్రింద నమోదయినది. 5,500 ఇళ్ళకు ఉద్దేశించినది. బొగ్గుపులుసుగాలి లెక్కలు ఎక్కడనో పరదేశములో జరిగినవి. ఇక్కడి ఆడువారు ఆ లెక్క చూచి ఒప్పుకొనలేదు. కళ్ళమంట పోవునని, కొండకు పోయి కట్టెలు తెచ్చు పని తప్పునని ఒప్పుకొనిరి. కంటికి, నడుమునకు తెలియు లాభము చెప్పినచో మనవారు వినుదురు.

ఇంటి వేడి తగ్గించుటకు గొప్ప ధనము పట్టదు. మిద్దెపై తెల్లని సున్నము రెండు పూతలు వేసినచో ఎండలో అధికభాగము వచ్చినదారినే మరలిపోవును. ఏటేట ఉగాదికి వేయవలెను, వాన కడుగును, అంతియే. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానములో దీనినే ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములకు మించిన స్థలములలోని ఇళ్ళకును విధిగా చేసినది. పడమట ఒక కానుగచెట్టు, కిటికీపై రెండడుగుల ఛజ్జా, ఎదురెదురు కిటికీలు — వీనికి శాస్త్రజ్ఞుడక్కరలేదు. మన్ను కావలెనన్న వారికి బెంగుళూరు విజ్ఞానసంస్థలో 1974లో ఆరంభమైన 'అస్త్ర' కేంద్రమువారు, కొద్దిగా సిమెంటు కలిపి యంత్రముతో నొక్కిన మన్నుదిమ్మెలను రూపొందించిరి. వానకు కరగవు, అలుకనక్కరలేదు. వానితో బెంగుళూరులో ధనికులు ముచ్చటగా ఇళ్ళు కట్టించుకొనుచున్నారు. మనకు పిల్లనియ్యరని విడిచిన మన్నుగోడ అక్కడ గొప్పింటి లక్షణమైనది!

గత ఏప్రిల్ నెలలో మా తమ్ముని కుమారుడును కోడలును చింతామణిలో ఇల్లు కొనదలచిరి. మమ్ము పెద్దలుగా వెంట తీసికొనిపోయిరి. ఆ పిల్ల పట్టురైతు బిడ్డ. దళారి పగలు పది గంటలకు చూపుదుననగా, "వద్దన్నా, రాత్రి ఎనిమిదికి చూపించండి" అనెను. పోయి ముందుగదిని చూడదు, అద్దములు చూడదు. పడకగది పడమటి గోడకు అరచేయి ఆన్చి నిలుచును, బల్ల ఎక్కి కప్పును తాకును. మొదటి రెండిళ్ళలో చేయి పెట్టినంతనే తీసివేసెను. "ఏమమ్మా, గోడలో ఏమైనా దాచిపెట్టినారేమో అని చూస్తున్నావా?" అని దళారి పరిహసించెను. మూడవ ఇల్లు పాతది, రంగు వెలసినది, ముందు బాట ఇరుకు. కాని గోడ చల్లగా నున్నది. వెలుపల చూడగా పడమట ప్రక్కన పెద్ద కానుగచెట్టు. చెట్టు ఈ స్థలములోనిదా, పొరుగువారిదా అని ఆమె అడిగెను. ఈ స్థలములోనిదే యని ఇంటాయన చెప్పి, ఆకులు రాలుచున్నవని విసుగుకొని, కావలెనన్న కొట్టించి ఇచ్చెదనని కూడ అనెను. "కొట్టించవద్దు మామా, ఆ చెట్టుంటేనే మేము తీసుకొనేది" అని ఆమె అనెను.

మరునాడు ఉదయము ఇంటాయన ఫోను చేసెను. రాత్రియంతయు ఆలోచించితిననియు, ఆ చెట్టుకు వేరుగా ఇరువదివేలు ఇప్పించవలెననియు అడిగెను. బేరమాడి పదివేలకు ఒప్పించితిమి.